మ్యాక్‌లో కనపడుతుంది గానీ ఫైలు ఎక్కదు

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. మా అక్క పెండ్లి వీడియో స్టూడియో వాళ్ళు 1 టీబీ హార్డ్ డిస్క్‌లో వేసిచ్చినారు. మా విండోస్ ల్యాప్‌టాప్‌లో బాగానే ఆడతాంది. బెంగళూరులో మా బావ మ్యాక్‌కు పెడితే వీడియోలు కనపడతాండాయి గానీ ఆయన తీసిన ఫోటోలు దాంట్లో వేద్దామంటే ఎక్కట్లేదు. డిస్క్ పోయిందేమో అని భయం. మా తమ్ముడు ఫ్యాట్32 అయితే అన్నిట్లో పనిచేస్తాదని వాని పెన్‌డ్రైవ్ ఇచ్చినాడు, దాంట్లో 28 జీబీ ఖాళీ ఉన్నా 11 జీబీ తలంబ్రాల ఫైలు పోదు. అవ్వేమో టీవీలో చూడాలని ఒకటే పోరు. ఏం చేయాల?

జవాబు: డిస్క్‌కు ఏం కాలేదు, నిమ్మళంగా ఉండండి. స్టూడియో వాళ్ళు ఇచ్చింది ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ అయ్యుంటుంది (ఫార్మాట్ అంటే డిస్క్‌లో ఫైళ్ళు అమర్చే పద్ధతి), 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది అది, మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ దాంట్లో రాయదు. రాయించే సాఫ్ట్‌వేర్లు విడిగా దొరుకుతాయి, ఒక్క డిస్క్ కోసం డబ్బులు పెట్టి కొనడం నాకైతే దండగ.

ఇక ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్ల జాగానే ఉంటుంది, 4 జీబీ దాటిన అంకె అందులో పట్టదు, కాబట్టి పెన్‌డ్రైవ్ ఎంత ఖాళీ ఉన్నా తలంబ్రాలు ఎక్కవు.

మీకు కావాల్సింది ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్. విండోస్, మ్యాక్ రెండూ చదువుతాయి, రాస్తాయి, లైనక్స్‌లో కూడా 2019లో వచ్చిన 5.4 కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) నుంచి ఉంది. అయితే ఫార్మాట్ కొడితే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది, ముందు మొత్తం ఇంకో చోటికి కాపీ చేసి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూసుకొని అప్పుడు మీ విండోస్‌లోనే ఫార్మాట్ చేయండి. బావకు వదిలేస్తే ఆయన తెలీక ఏపీఎఫ్‌ఎస్ అని మ్యాక్ సొంత ఫార్మాట్ పెట్టాడనుకోండి, అది మీ ల్యాప్‌టాప్‌కు అస్సలు అర్థం కాదు, "ఫార్మాట్ చేయమంటావా" అని అడుగుతుంది, కంగారులో ఓకే కొట్టేవాళ్ళు ఎంతమందో.

ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసి పెట్టుకునే ఏర్పాటు) లేదు, కాపీ అవుతుండగా కేబుల్ పీకితే ఫైళ్ళు పాడవ్వొచ్చు, అందుకే ఎప్పుడూ ఎజెక్ట్ కొట్టే తీయండి. మ్యాక్‌లో పెట్టినాక చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే బుల్లి ఫైళ్ళు కనపడితే వైరస్ అనుకోవద్దు, మ్యాక్ రాసుకునేవే అవి.

అవ్వ సంగతికొస్తే, పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తుపట్టవు. తలంబ్రాలు 4 జీబీ లోపు ఎంపీ4గా మార్చి తమ్ముడి పెన్‌డ్రైవ్‌లోనే వేసి పెట్టండి, ఇక్కడ మాత్రం వాడు చెప్పిందే కరెక్ట్.