పీడీ మేడమ్‌ని అడగండి: సర్టిఫికెట్ ఉంది, ఫామ్ లేదు

(ఈ శీర్షిక రాస్తున్నది కబడ్డీ ఆడి, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరైన మేడమ్. ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు.)

ప్రశ్న: నమస్తే మేడమ్. బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. కబడ్డీలో లెఫ్ట్ కార్నర్. రెండేళ్ళు యూనివర్సిటీ టీమ్‌లో సౌత్ జోన్ ఇంటర్ వర్సిటీ పోటీలు ఆడాను, ఒకసారి క్వార్టర్స్ దాకా వెళ్ళాం. రైల్వేలో ఉద్యోగం గ్యారంటీ అని సీనియర్లు అంటున్నారు. "ఆటల కాగితాలు చూసి ఎవడిస్తాడే ఉద్యోగం" అని నాన్న అంటున్నారు. నా దగ్గర పార్టిసిపేషన్ సర్టిఫికెట్లు ఉన్నాయి. సరిపోతాయా? – ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: మీ నాన్నగారి మాటలోనూ, మీ సీనియర్ల మాటలోనూ చెరి సగమే నిజం తల్లీ.

ముందు రైల్వే సంగతి. స్పోర్ట్స్ కోటాకి ఒక్కో రైల్వే జోన్ విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. మన దక్షిణ మధ్య రైల్వేది సికింద్రాబాద్ నుంచి వస్తుంది. రాత పరీక్ష ఉండదు. ట్రయల్స్‌లో నీ ఆట, ఫిట్‌నెస్‌లకి 40 మార్కులు, సాధించిన విజయాలకి 50, చదువుకి 10. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ట్రయల్స్‌కి పిలవాలంటే ఊరికే ఆడొచ్చానంటే చాలదు, స్థానం ఉండాలి. ఆలిండియా ఇంటర్ వర్సిటీలో మొదటి మూడు స్థానాల్లో నిలవడమో, రాష్ట్ర జట్టు తరఫున నేషనల్స్ ఆడి చెప్పుకోదగ్గ స్థానం తేవడమో అడుగుతారు. సౌత్ జోన్ క్వార్టర్స్ అక్కడ లెక్కకి రాదు. ఇది నీకు ఇప్పుడే తెలియడం మంచిది.

ఇంకో మెలిక ఉంది. నోటిఫికేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండు ఆర్థిక సంవత్సరాలు, ఈ మధ్యలో సాధించినవే చూస్తారు. వయసు 18 నుంచి 25. సడలింపు లేదు. డిగ్రీ అయ్యాక "కొన్నాళ్ళు ఇంట్లో ఉండి అప్లై చేద్దాంలే" అనుకున్న పిల్లల మెడల్స్‌కి ఇక్కడే కాలం చెల్లిపోతుంది. మెడల్ అల్మారాలో మెరుస్తూనే ఉంటుంది, నోటిఫికేషన్‌లో మాత్రం పనికిరాదు.

ఇక నీకు తెరిచి ఉన్న దారి. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో, అంటే ఇన్‌కమ్ టాక్స్, పోస్టల్ లాంటి చోట్ల, గ్రూప్ సి నేరుగా నింపే ఖాళీల్లో 5 శాతం దాకా క్రీడాకారులతో నింపుకోవచ్చు. అక్కడ యూనివర్సిటీ తరఫున ఇంటర్ వర్సిటీ ఆడినవాళ్ళకి అర్హత ఉంది. మెడల్ ఉన్నవాళ్ళు ముందు వరసలో, పాల్గొన్నవాళ్ళు వెనక వరసలో. పోటీ గట్టిదే. కానీ వరసలో నువ్వున్నావు.

అయితే నీ చేతిలో ఉన్న రంగు రంగుల పార్టిసిపేషన్ సర్టిఫికెట్ చూపిస్తే ఆ ఆఫీసులో పక్కన పెట్టేస్తారు. వాళ్ళడిగేది ఫామ్. దేశం తరఫున ఆడితే ఫామ్ 1, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫామ్ 2, యూనివర్సిటీకి ఫామ్ 3, స్కూల్ నేషనల్స్‌కి ఫామ్ 4. నీకు కావలసింది ఫామ్ 3. దాని మీద మీ యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే డీన్ గానీ డైరెక్టర్ గానీ సంతకం చెయ్యాలి. మీ కాలేజీ పీడీ సంతకం చెల్లదు. నా సంతకమూ చెల్లేది కాదు. పిల్లలు మాత్రం నా దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు, అదీ ఆఖరి తేదీకి ముందురోజు సాయంత్రం!

ఫైనలియర్‌లో ఉండగానే ఒకరోజు పెట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళు. టీమ్ లిస్టు, సర్టిఫికెట్ల జిరాక్సులు, పదో తరగతి మెమో తీసుకెళ్ళు. మెమో దేనికంటే, పేరు. పదో తరగతిలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, టోర్నమెంట్‌లో ఎవరో హడావుడిగా రాసిన సర్టిఫికెట్లో ఒక్క పొడి అక్షరం చివరన వేలాడుతుంది. మా కాలేజీలో ఒకమ్మాయికి తండ్రి పేరు కూడా మారిపోయింది. ఆట ఆమెదే, ఫొటో ఆమెదే, కాగితం మాత్రం ఇంకెవరిదో అయి కూర్చుంది. ఇలాంటివి టీమ్ మేనేజర్ ఇంకా అదే ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోవాలి. ఇంకోమాట, సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించకు. వెనకవైపు ముద్రలూ సంతకాలూ వేయాల్సి వస్తే చోటుండదు. మంచి ప్లాస్టిక్ ఫోల్డర్ కొనుక్కో.

ఆట ఇంకా ఆడే ఓపిక ఉంటే జిల్లా అసోసియేషన్ సెలెక్షన్స్ వదలకు. రాష్ట్ర జట్టులోకి వెళ్తే ఫామ్ 2 వస్తుంది, అప్పుడు రైల్వే సంగతి మళ్ళీ మాట్లాడుకోవచ్చు. పక్కనే బీపీఈడీ, అంటే వ్యాయామ టీచర్ల కోర్సు కూడా ఆలోచించు. డిగ్రీ అయ్యాక దాని ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాయొచ్చు. రాయడమంటే నిజానికి పరిగెత్తడం, గుండు విసరడం, నీ ఆట ఆడి చూపించడం. 2025 మెగా డీఎస్సీలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 శాతం క్రీడల కోటాలో 421 పోస్టులు రాత పరీక్ష లేకుండా పెట్టింది. ఆ కబురు విని ఎగిరి గంతేసిన వాళ్ళలో టీచరు ఉద్యోగానికి కావాల్సిన చదువు చేతిలో లేక చూస్తూ ఉండిపోయినవాళ్ళు నాకు తెలుసు. ఈ సంగతి మీ నాన్నగారికి కూడా చదివి వినిపించు.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ సెకండియర్. 400 మీటర్లు పరిగెడతాను. మీట్లకి తిరగడంతో అటెండెన్స్ 62 శాతానికి పడిపోయింది. హెచ్‌వోడీ సార్ "పరుగు కావాలా, డిగ్రీ కావాలా" అన్నారు. డిటెయిన్ చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఓ విద్యార్థి, రాజమండ్రి

జవాబు: బాబూ, ముందు ఓ కాగితం మీద నువ్వు క్లాసుకి రాని రోజులన్నీ రాసి, ఏ రోజు ఏ మీట్‌కి వెళ్ళావో పక్కన పెట్టు. యూనివర్సిటీ తరఫున ఆడటానికి వెళ్ళిన రోజుల్ని హాజరుగా లెక్కించే వెసులుబాటు చాలా వర్సిటీల నిబంధనల్లో ఉంది. మీ రెగ్యులేషన్స్ పుస్తకం తీసి ఆ పేరా నువ్వే చదువు. హెచ్‌వోడీ గారికి అది నోటికి వచ్చి ఉండాలని ఏమీ లేదు. అయితే సంక్రాంతికి పక్క ఊళ్ళో ప్రైజ్‌మనీ పరుగుకి వెళ్ళిన రోజులూ, కోచ్ పిలిచాడని మానేసిన మధ్యాహ్నాలూ ఆ లెక్కలోకి రావు.

జేఎన్‌టీయూ పద్ధతిలో నడిచే కాలేజీల్లో మామూలుగా 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. 65 దిగితే డిటెన్షనే. అంటే నీకు ఆ మూడు శాతమే ప్రాణం. యూనివర్సిటీ మీట్ రోజులు కలిస్తే దాటేస్తావేమో లెక్కేసి చూడు.

ఇకమీదట ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ వెళ్ళొచ్చాక కాదు, వెళ్ళేముందు ఇవ్వాలి. టీమ్ లిస్టులో నీ పేరున్న యూనివర్సిటీ ఉత్తర్వు జిరాక్సు దానికి జతచేసి, రెండో కాపీ మీద ఆఫీసులో స్టాంపు వేయించుకో. ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని విడిగా కలువు. థియరీ క్లాసు నోట్స్ ఫ్రెండ్ దగ్గర దొరుకుతుంది, పోయిన ల్యాబ్ ప్రయోగం దొరకదు. మిడ్ పరీక్ష రోజే మీట్ పడితే మళ్ళీ రాసే అవకాశం అడిగి చూడు. రాతపూర్వకంగా, మర్యాదగా. ఇవ్వకపోయినా నీ అర్జీ ఫైల్లో ఉంటుంది.

మీ హెచ్‌వోడీ గారి ప్రశ్న మాత్రం నాకు నచ్చలేదు. పీవీ సింధు హైదరాబాద్‌లోని సెయింట్ ఆన్స్ కాలేజీలో చదువుకుంటూనే ప్రపంచ స్థాయిలో ఆడింది. ఆమెకి కుదిరింది కదా అని అందరికీ కుదురుతుందని నేననను. కాలేజీ పక్కన నిలబడింది కాబట్టి కుదిరింది. మీ ప్రిన్సిపాల్‌తో ఒకసారి మీ పీడీ సార్‌ని మాట్లాడమను. ఆయన ఉద్యోగంలో అది కూడా ఒక భాగం.

ప్రశ్న: వాలీబాల్ ఆడుతూ గెంతి దిగినప్పుడు మోకాలు మెలిపడింది. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగిందని ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నాలుగో నెల. టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో వాళ్ళ ప్రాక్టీస్ వీడియోలు చూడలేక బయటికి వచ్చేశాను. ఆట తప్ప నాకేం తెలియదు. రాత్రులు నిద్ర పట్టడం లేదు. – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నాన్నా, నీ ఉత్తరంలో మోకాలి కంటే ఆఖరి రెండు వాక్యాలు నన్ను ఎక్కువ ఆపాయి. ముందు వాటి గురించే. నిద్ర పట్టకపోవడం రోజుల తరబడి సాగితే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కాలికి ఫిజియో ఎలాగో మనసుకి అలాగ. ఇందులో సిగ్గుపడేదేం లేదు. గ్రూప్‌లోంచి బయటికి వచ్చినా ఫరవాలేదు, టీమ్‌లో ఒక్కరితోనైనా మాట్లాడుతూ ఉండు.

మోకాలి సంగతి: నాలుగో నెలలో నొప్పి తగ్గి, నడక బాగుండి, "ఒక్క స్మాష్ కొట్టి చూస్తే ఏం పోతుంది" అనిపిస్తుంది. పోతుంది. కొత్త లిగమెంట్ లోపల ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. తొమ్మిది నెలలైనా నిండకుండా గెంతే ఆటలోకి రావద్దనే డాక్టర్లు చెబుతారు. అప్పుడు కూడా నెలలు నిండాయని కాదు, ఆపరేషన్ అయిన కాలి బలం రెండో కాలికి దగ్గరగా వచ్చిందా, ఒంటికాలి మీద గెంతితే దూరం సమానంగా వస్తోందా అని కొలిచి చూశాకే. ఫిజియోని ఆ కొలతలు అడుగు, నోట్‌బుక్‌లో రాసుకో. నెలనెలా ఆ అంకెలు పెరుగుతుంటే నీకూ ధైర్యంగా ఉంటుంది.

పుల్లెల గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంట్ తెగింది, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అందరూ నీకు ఇదే చెబుతుంటారు, నాకు తెలుసు. నిజమే. కానీ ఆ మధ్య ఏడేళ్ళ గురించి ఎవరూ చెప్పరు. నువ్వు మళ్ళీ ఆడొచ్చు, ఆడినా మునుపటంత ఎత్తు లేవకపోవచ్చు. రెండింటికీ సిద్ధంగా ఉండు.

ఈ ఖాళీ నెలల్లో గ్రౌండ్‌కి వెళ్ళి స్కోరు షీటు రాయడం నేర్చుకో. సరదాకి చెప్పడం లేదు. రొటేషన్ తప్పులు పట్టడం, సబ్‌స్టిట్యూషన్లు నమోదు చేయడం వచ్చినవాడు జిల్లా మీట్‌లో ఎప్పుడూ కరువే. అక్కడి నుంచి రిఫరీ పరీక్షకి దారి ఉంది. కోచింగ్ ఇష్టమైతే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు, తర్వాత ఏడాది డిప్లొమా ఉన్నాయి. "ఆట తప్ప నాకేం తెలియదు" అన్నావు. ఆట తెలిసినవాళ్ళు చేసే పనులు చాలానే ఉన్నాయి, కోర్టులో ఆరుగురే పడతారు గానీ.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. వెయిట్‌లిఫ్టింగ్‌లో రాష్ట్ర స్థాయి మెడల్ ఉంది. బంధువులు "బరువులెత్తే పిల్లకి సంబంధాలెలా వస్తాయి" అంటున్నారు. ఆట మాన్పించి గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాను. – ఓ తల్లి, కరీంనగర్

జవాబు: చెల్లెమ్మా, సిడ్నీలో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఎత్తింది కూడా బరువులే. బంధువుల మాటకి అంతకంటే ఎక్కువ జవాబు నేనివ్వను.

కోచింగ్ గురించి మాత్రం మీ ఆలోచన తప్పు కాదు, తొందర ఉంది. నిఖత్ జరీన్ డీఎస్పీ అయింది, మా అమ్మాయికీ అలా వస్తుందని ఎవరైనా మీకు ఆశ పెడితే నమ్మకండి. అది ప్రపంచ ఛాంపియన్లకి దొరికే గౌరవం. మీ అమ్మాయి స్థాయికి నిజంగా అందుబాటులో ఉన్నవి కానిస్టేబుల్, క్లర్క్, టాక్స్ అసిస్టెంట్ లాంటి స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు. సీఐఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, రైల్వే ఆటగాళ్ళని తీసుకుంటూనే ఉంటాయి. వాటికి కావాల్సింది నేషనల్స్ స్థాయి ఫలితం. అది రావాల్సిన వయసు ఇదే. గ్రూప్స్ 28 ఏళ్ళప్పుడు కూడా రాయొచ్చు, ఆలిండియా ఇంటర్ వర్సిటీలో 25 దాటాక దిగనివ్వరు.

కాబట్టి డిగ్రీ అయ్యేదాకా ఆడనివ్వండి. బదులుగా ఆమె దగ్గర ఒక మాట తీసుకోండి: ఒక్క సబ్జెక్టు కూడా బ్యాక్‌లాగ్ ఉండకూడదు. పొద్దున ట్రైనింగ్, సాయంత్రం ట్రైనింగ్ మధ్య నిద్ర పోనివ్వండి, వంటింటి పనులు చెప్పకండి. మా కాలేజీ ఆడపిల్లల్లో చాలామంది ఆగిపోయింది గ్రౌండ్‌లో కాదు, ఇంటికొచ్చాక అంట్ల దగ్గర. ఒకసారి మీరే పోటీ చూడ్డానికి వెళ్ళండి. ఆమె బార్ పైకెత్తి, రిఫరీలు దించమని సిగ్నల్ ఇచ్చేదాకా అలా నిలబడటం మీరు చూశారో లేదో మీ ఉత్తరంలో రాయలేదు.

ప్రశ్న: జిమ్‌లో అన్న ఒకాయన డబ్బా ఇచ్చాడు. నెలలో కండ వస్తుందట. వచ్చే నెల యూనివర్సిటీ మీట్. వాడొచ్చా? – షాట్‌పుట్ కుర్రాడు, అనంతపురం

జవాబు: వద్దు. డోపింగ్ పరీక్షలు చేసే జాతీయ సంస్థ నాడా వాళ్ళు యూనివర్సిటీ మీట్లకి కూడా వచ్చి మూత్రం శాంపిల్ తీసుకోవచ్చు. డబ్బాలో ఏముందో నాకు తెలియదు సార్ అంటే కుదరదు. ఒంట్లో దొరికితే జవాబుదారీ నీదే. స్టెరాయిడ్ తేలితే నాలుగేళ్ళ దాకా నిషేధం, అంటే నీ కాలేజీ కెరీర్ మొత్తం. జలుబుకి, ఆయాసానికి వేసుకునే మందుల్లోనూ నిషేధించినవి ఉంటాయి. డాక్టర్‌కి "నేను పోటీల్లో ఆడతాను" అని ముందే చెప్పు, నాడా వాళ్ళ 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకో. కండకి గుడ్లు, పప్పు, పాలు, వేరుశనగలు, నిద్ర. అనంతపురంలో ఉండి వేరుశనగలు నేను చెప్పాలా!

డబ్బా మూత తియ్యకపోతే ఈరోజే తిరిగిచ్చెయ్యి. ఇప్పటికే తాగి ఉంటే ఆపేసి, లేబుల్‌కి అన్నివైపులా ఫొటో తీసి పెట్టుకుని, మీట్ కంటే ముందే మీ కోచ్‌కి ఉన్నదున్నట్టు చెప్పు. ఈసారి మీట్ మానుకోమని ఆయన అంటే మానుకో.