ఒకే సంస్థ ఇన్ని వ్యాపారాల్లోకి ఎలా వెళ్తుంది? లాభాలిచ్చే డివిజన్‌ని ఎందుకు అమ్ముకుంటుంది?

మీరు రెండు సంగతులు అడిగారు. ఒకే కంపెనీ వంతెనలు, సిమెంటు, స్విచ్‌గేర్ (కరెంటును ఆపే, నియంత్రించే పరికరాలు), సాఫ్ట్‌వేర్ అంటూ ఇన్ని రంగాల్లోకి ఎలా వెళ్తుంది, లాభాల్లో ఉన్న డివిజన్‌ని మళ్లీ ఎందుకు అమ్మేస్తుంది అని. అలాంటి ఒక ఇంజనీరింగ్ గ్రూపులో నేను 18 ఏళ్లు కాస్ట్ అకౌంట్స్ చూశాను. నేనున్న డివిజన్‌ని అమ్మేశారు కూడా. అందుకని రెండో ప్రశ్నకే ఎక్కువ రాస్తాను.

పెరగడం ఎలాగో తెలియాలంటే లార్సెన్ అండ్ టూబ్రో (ఎల్ అండ్ టీ) తొలినాళ్లు చూస్తే చాలు. హెన్నింగ్ హోల్క్-లార్సెన్, సోరెన్ టూబ్రో ఇద్దరూ డెన్మార్క్ ఇంజనీర్లు. సిమెంటు యంత్రాలు చేసే ఎఫ్ఎల్ స్మిత్ కంపెనీ తరఫున మన దేశానికి వచ్చారు. 1938లో బొంబాయిలో ఇద్దరూ కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆఫీసు ఎంత ఇరుకంటే ఒకసారికి ఒక్కరే కూర్చోగలిగేవారట. డెన్మార్క్ నుంచి పాడి పరిశ్రమ యంత్రాలు తెప్పించి అమ్మడం వాళ్ల పని. ఇంతలో యుద్ధం వచ్చింది. 1940లో జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించడంతో సరుకు రావడం ఆగిపోయింది. అమ్మడానికి సరుకు లేక, చిన్న వర్క్‌షాపు పెట్టి ఆ యంత్రాలు ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. ఓడల మరమ్మతులు దొరికితే అవీ చేశారు. టాటాల సోడా యాష్ ఫ్యాక్టరీ బిగించాల్సిన జర్మన్ ఇంజనీరు నిర్బంధంలోకి వెళ్లడంతో ఆ పనీ వీళ్లకే వచ్చింది. నిర్మాణాల కోసం 1944లో ఈసీసీ అనే సంస్థ పెట్టారు. సిమెంటు యంత్రాల గుట్టు ఎలాగూ తెలుసు కాబట్టి 1980ల్లో సిమెంటే తయారుచేయసాగారు. మన తాడిపత్రి దగ్గరున్న ఫ్యాక్టరీ ఒకప్పుడు వాళ్లదే.

చూశారా, ఎక్కడా పెద్ద పథకం లేదు. చేతిలో ఉన్న పనితనానికి పక్కింటి అవసరం తగిలింది, ఒక కొత్త డివిజన్ పుట్టింది. మా గ్రూపూ అంతే. ముందు పంపులు చేసేవాళ్లం. పంపులు కొన్న నీటి పథకాల వాళ్లు "పైపులైను కూడా మీరే వేసిపెట్టండి" అని అడిగితే ప్రాజెక్టుల డివిజన్ వచ్చింది.

చిక్కంతా ఆ తరవాతే. బయటివాళ్లకు పంపూ, పంపుహౌసూ ఒక కుటుంబంలా కనిపిస్తాయి. డబ్బు దగ్గర మాత్రం రెండూ వేరే జాతులు. మా పంపుల డివిజన్‌లో డీలరు సరుకు ఎత్తాక 45 రోజుల్లో డబ్బు వచ్చేది. పోత ఇనుము ధర పెరిగితే మరుసటి నెల ధరల పట్టిక మార్చేవాళ్లం. ప్రాజెక్టుల వైపు అలా కుదరదు. మొదట్లో అడ్వాన్సు వస్తుంది, దానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. తరవాత నెలనెలా అయిన పనికి కొలతలు రాయించుకుని రన్నింగ్ బిల్లు పెట్టాలి. ప్రతి బిల్లులోనూ కొంత రిటెన్షన్ కింద, అంటే పని సరిగా ఉంటుందన్న పూచీగా, పట్టుకుంటారు. పని పూర్తయ్యాక కూడా లోపాలు బయటపడితే సరిచేయాల్సిన గడువు ముగిసేదాకా అది చేతికి రాదు. భూసేకరణ ఆగితే మనుషులూ యంత్రాలూ ఖాళీగా ఉంటారు, వడ్డీ మాత్రం నడుస్తుంది.

ఈ రెండింటికీ హెడ్డాఫీసులో ఒకే బ్యాంకు ఖాతా. నెలాఖరుకు మా మిగులు అక్కడికి వెళ్లేది, ప్రాజెక్టుల వాళ్లకు ఎక్కడ బిల్లు ఆగితే అక్కడికి పోయేది. పెద్ద పంపులు పరీక్షించే టెస్ట్ బెడ్ కావాలని మేం మూడేళ్లు వరసగా బడ్జెట్‌లో రాశాం. మూడుసార్లూ "వచ్చే ఏడాది చూద్దాం" అనే జవాబు. ఆ మూడేళ్లలో పెద్ద సైజు ఆర్డర్లు మా పోటీ కంపెనీలకు పోవడం నా కళ్లతో చూశాను. హెడ్డాఫీసు ఖర్చులను డివిజన్లకు పంచే లెక్క ఇంకొకటి. అప్పటిదాకా టర్నోవరు ప్రకారం పంచేవాళ్లు, ఒక ఏడాది ఉద్యోగుల సంఖ్య ప్రకారం అన్నారు. ఫ్యాక్టరీ కాబట్టి మా దగ్గర మనుషులెక్కువ. వర్క్‌షాపులో ఏ ఒక్క యంత్రమూ తగ్గి నడవలేదు, కాగితం మీద మా లాభం మాత్రం తగ్గింది. ఆ స్టేట్‌మెంటు తయారుచేసింది నేనే. షాపు ఫోర్‌మన్ వచ్చి "మేం ఏం తప్పు చేశాం సార్?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

చివరికి పంపులు మాత్రమే చేసే ఇంకో కంపెనీకి మమ్మల్ని అమ్మేశారు. కంపెనీ పేరు బోర్డు మార్చిన రోజు గేటు దగ్గర ఏడ్చినవాళ్లున్నారు. సర్వీసు, పీఎఫ్ కొనసాగాయి, అది మాకు పెద్ద ఊరట. కొత్త యాజమాన్యం మొదటి ఏడాదే టెస్ట్ బెడ్‌కి డబ్బిచ్చింది. మేం చూపించిన లెక్కలు పాతవే. వాళ్లకు మా డివిజన్ తప్ప ఆ డబ్బు పెట్టడానికి ఇంకో చోటు లేదు, అంతే తేడా.

ఇది చూశాక ఎల్ అండ్ టీ నిర్ణయాలు నాకు వేరేగా కనిపించాయి. 2004లో సిమెంటును విడదీసింది. బిర్లాల కంపెనీ గ్రాసిమ్ చేతికి వెళ్లి అదే అల్ట్రాటెక్ అయింది. స్విచ్‌గేర్ వ్యాపారాన్ని 14,000 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్ కంపెనీ ష్నైడర్‌కి అమ్ముతున్నట్టు 2018లో ప్రకటించి 2020లో అప్పగించింది. రెండూ మంచి పేరున్న వ్యాపారాలే. కానీ రెండూ డీలర్ల ద్వారా సరుకు అమ్మేవి, సంస్థ ప్రాణమేమో ప్రాజెక్టుల్లో ఉంది. సిమెంటు విషయంలో ఇంకో కోణమూ ఉంది. 2001లో రిలయన్స్ ఎల్ అండ్ టీలో తనకున్న వాటాను గ్రాసిమ్‌కి అమ్మడంతో మొత్తం సంస్థే చేజారుతుందన్న భయం పట్టుకుంది. సిమెంటు ఇచ్చేశాక గ్రాసిమ్ వాటా ఉద్యోగుల ట్రస్టుకు వచ్చింది. ఒక డివిజన్‌ని వదిలి సంస్థను దక్కించుకోవడం అంటే ఇదే అనిపిస్తుంది నాకు.

సాఫ్ట్‌వేర్‌ని మాత్రం అమ్మలేదు. 2016లో దాన్ని విడి కంపెనీగా స్టాక్ మార్కెట్‌లో లిస్టు చేసి, 2019లో మైండ్‌ట్రీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొని, 2022లో రెండిటినీ కలిపేసింది. ఇలా విడిగా లిస్టు చేస్తే ఆ కంపెనీ డబ్బు దాని ఖాతాలోనే ఉంటుంది, మాతృసంస్థకు ముఖ్యంగా డివిడెండ్ (వాటాదారులకు పంచే లాభం) రూపంలో వెళ్తుంది. మా పంపులకీ ఆ దారి చూపించి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

విదేశాల్లో జనరల్ ఎలక్ట్రిక్ ఉదాహరణ తెలిసిందే. 1892లో పుట్టిన ఆ సంస్థలో డివిజన్లతో పాటు ఫైనాన్స్ వ్యాపారం విపరీతంగా పెరిగింది. 2008 సంక్షోభంలో దాని బరువు అన్నిటి మీదా పడింది. 2024 ఏప్రిల్ నాటికి విమాన ఇంజన్లు, వైద్య పరికరాలు, విద్యుత్ యంత్రాలు మూడు వేర్వేరు కంపెనీలయ్యాయి.

మీరు ఏదైనా గ్రూపు గురించి తెలుసుకోవాలనుకుంటే చైర్మన్ ఉపన్యాసం పక్కన పెట్టి, వార్షిక నివేదికలో సెగ్మెంట్ రిపోర్టింగ్ (డివిజన్లవారీ లెక్కలు) పేజీలు తీయండి. ఏ డివిజన్‌లో ఎంత పెట్టుబడి ఉంది, ఎంత సంపాదించింది, ఈ ఏడాది దానిమీద కొత్తగా ఎంత పెట్టారు అన్నవి ఐదేళ్లవి పక్కపక్కన రాసుకోండి. సంపాదన బాగానే ఉండి, కొత్త పెట్టుబడి మాత్రం ఏటేటా తగ్గుతున్న డివిజన్ కనిపిస్తే అక్కడ ఆగి చూడండి. అమ్మడానికి ముందు మూడేళ్లూ మా అంకెలు అచ్చం అలాగే ఉన్నాయి.