నీళ్ల తొట్టి పగులు దానంతట అదే పూడుతుందా?

ప్రశ్న: పెరట్లో కట్టించిన కాంక్రీటు నీళ్ల తొట్టికి వెంట్రుకవాసి పగుళ్లు వచ్చి బయట చెమ్మ కనిపిస్తోంది. మేస్త్రీ గారు "నీళ్లు నింపి వదిలేయండి, అదే పూడుకుంటుంది" అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: పగులు సన్నగా, కదలకుండా ఉంటే నమ్మవచ్చు. ముందు కొలవండి. జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. దాని అంచు పగుల్లో దూరకపోతే పూడే ఆశ బాగా ఉంది. రెండు కాగితాలు కలిపి పెట్టినా దూరితే ఎదురుచూడటం దండగ.

సిమెంటు రేణువులన్నీ మొదటి తడికే పూర్తిగా గట్టిపడవు, కొన్నిటి నడిమి భాగం పొడిగానే మిగులుతుంది. పగుల్లోకి నీరు చేరగానే అది మళ్లీ పని మొదలుపెడుతుంది. దాంతోపాటు సిమెంటులోని సున్నం నీళ్లలో కరిగి, బొగ్గుపులుసు వాయువుతో కలిసి, సున్నపురాయిగా మారి పగులు గోడలకు అంటుకుంటుంది. పగులు వెంబడి వేలితో గీకితే సుద్దలా రాలే తెల్లటి పొర అదే. ఆ తెలుపు ఆగకుండా కిందికి చారలు కడుతుంటే మాత్రం సున్నం కొట్టుకుపోతోందని అర్థం.

రెండు మూడు వారాలు నీటిమట్టం తగ్గకుండా చూడండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. పగులు గీత దాటి సాగితే, పూడినా మళ్లీ తెగుతుంది. తుప్పు రంగు మరక కనబడితే లోపలి ఇనుము దెబ్బతింటోంది. ఇక ఆగకుండా ఇంజనీరుకు చూపించండి.

ప్రశ్న: కొత్త తొట్టికి, పగుళ్లను బ్యాక్టీరియాతో పూడ్చుకునే బ్యాక్టీరియా కాంక్రీటు వాడవచ్చా? కాంక్రీటులో బెల్లం నీళ్లు కలిపితే బ్యాక్టీరియా పెరుగుతుందని ఒకరు చెప్పారు.
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: బెల్లం మాత్రం కలపనివ్వకండి. తీపి సిమెంటును గట్టిపడనివ్వదు. 50 కిలోల బస్తాకు 100 గ్రాముల పంచదార చేరినా కాంక్రీటు సెట్ కావటం ఆగిపోయినంత పనవుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో హెంక్ యోంకర్స్ బృందం పంచదార బదులు కాల్షియం లాక్టేట్ అనే లవణాన్ని బ్యాక్టీరియాకు మేతగా పెట్టింది. సిమెంటు క్షారాన్ని తట్టుకునే బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా నిద్రాణ బీజాలనూ (స్పోర్లు) ఆ మేతనూ కాల్చిన మట్టి గుళికల్లో దాచారు. గుళికలు లేకుండా నేరుగా కలిపితే కాంక్రీటు బిగుసుకునేటప్పుడు బీజాలు నలిగి, కొన్ని నెలలకే చచ్చిపోతాయి. పగులు గుళికను చీల్చి, నీరు తగిలితే బీజం మేలుకొని, మేత తిని సున్నపురాయిని కక్కుతుంది. 0.8 మిల్లీమీటర్ల పగుళ్ల దాకా పూడ్చగలిగారు. అయితే కంకర బదులు గుళికలు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది, ఖర్చూ ఎక్కువ.

ఇంటి తొట్టికి స్ఫటికాలు కట్టే వాటర్‌ప్రూఫింగ్ పొడి చాలు. సిమెంటు బరువులో సుమారు 1 శాతం, అంటే బస్తాకు అర కిలో. ప్యాకెట్ మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. బస్తాకు 22 లీటర్లు మించి నీళ్లు పోయనివ్వకండి. పని తేలికవుతుందని బకెట్ ఎక్కువ పోయటమే చాలా తొట్లకు పగుళ్లు తెస్తుంది. స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు, ఎండాకాలంలో 14 రోజులు తడి ఆరనివ్వకండి.