టెక్ సందేహాలు: ఏఐ రాసిన వికీ వ్యాసం నిలవట్లేదు!

ప్రశ్న: చెన్నై పెరంబూరులో ఉంటాను. రిటైరయ్యాక తెలుగు వికీపీడియాలో మద్రాసు తెలుగువాళ్ల వ్యాసాలు దిద్దుతున్నాను. ఏఐతో రాయించి చేర్చినవి తీసేస్తున్నారు. ఇప్పుడు ఎడిటింగ్ పెట్టెలోనే సాయం చేసే ఏఐ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేసుకున్నాను. ఉంచుకోవచ్చా?

జవాబు: ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో సగం ఇదే గోడు. మీరు పంపిన కొమర్రాజు లక్ష్మణరావు గారి వ్యాసం చూశాను సార్. ఆయన పోయింది 1923లో. ఆయన బతికుండగా అచ్చయిందంటూ ఏఐ చూపిన పుస్తకానికి ఏకంగా 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు)! అసలు ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణమైందే 1970లో, 13 అంకెలైంది 2007లో. పోనీ లెక్కైనా కుదిరిందా? అంకెలను వరసగా 1తో, 3తో మార్చి మార్చి గుణించి కూడితే మొత్తం 10తో భాగం పోవాలి. పోలేదు. ఇంకో లింకు తోకలో చాట్‌జీపీటీ పేరు అలాగే ఉంది. తీసేయక ఏం చేస్తారు? ఇంగ్లీషు వికీపీడియాలోనైతే, మనిషి సరిచూడని ఏఐ పేజీలను చర్చ లేకుండానే తొలగించే నియమం 2025లో వచ్చింది.

ఆధారం వెతకమని ఏఐని అడక్కండి. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీ మీకు ఎంత దూరం? పుస్తకం చూసి మీరే రాయండి, వాక్యాలు సాపు చేయడం వరకే దానికి అప్పగించండి.

నాకు అసలు టెన్షన్ ఆ ఎక్స్‌టెన్షన్‌తోనే. వేసుకునేటప్పుడు 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం' అని అనుమతి అడిగి ఉంటుంది, మీరు సరే అని ఉంటారు. అంటే వికీ పేజీ ఒక్కటే కాదు, పక్క ట్యాబులో తెరిచిన మెయిలూ, పెన్షన్ పడే బ్యాంకు ఖాతా పేజీ కూడా అది చదవగలదు. ఓటీపీ ఉందిగా అనుకోకండి, మీరు లాగిన్ అయ్యాకే కదా అది చూసేది. ఇవాళ మంచిదే కావచ్చు. రేపు ఎవరికో అమ్మేస్తే, కొత్త యజమాని పంపే అప్‌డేట్ మీకు చెప్పకుండానే దిగుతుంది. రెండు వాక్యాలు దిద్దడానికి ఇల్లంతా తాళాలివ్వాలా? ఇంత పెద్ద అనుమతిని ఒక్క 'సరే' బటన్ కింద దాచిన డిజైన్‌ను ఏమనాలి? పీడీఎఫ్ రీడర్ నుంచి కీబోర్డు దాకా ప్రతి అప్‌డేట్‌లో అడగని ఏఐ బటనొకటి దిగబడుతోంది, ఆపే మీట మాత్రం నాలుగు మెనూల లోపల.

ముందు ఎక్స్‌టెన్షన్ తీసేయండి. వికీ, మెయిల్, బ్యాంకు అన్నిట్లో లాగౌట్ అయి పాస్‌వర్డ్‌లు మార్చండి. తర్వాత వికీ పనికి విడిగా ఒక బ్రౌజర్ ప్రొఫైల్ (అదే బ్రౌజర్‌లో లాగిన్లు, ఎక్స్‌టెన్షన్లు వేరుగా ఉండే గది లాంటిది) పెట్టుకోండి, అందులో ఏ ఎక్స్‌టెన్షనూ వద్దు.