అంబాసిడర్‌లో ఎంజీబీ ఇంజన్: ఏ డిస్ట్రిబ్యూటర్ పెట్టాలి?

మార్క్ 2 అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్ దించి, ఇంగ్లండ్ నుంచి తెప్పించిన ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) 1798 సీసీ ఇంజన్ ఎక్కిస్తున్నానని, పాత డిస్ట్రిబ్యూటర్‌నే (ప్లగ్గులకు వంతులవారీగా స్పార్కు పంపే భాగం) ఉంచాలో, ఎలక్ట్రానిక్‌ది కొనాలో చెప్పమని అడిగారు. మా నాన్నగారి అంబాసిడర్‌కు ఇదే మార్పిడి చేయించాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పాతదాన్ని ఉన్నది ఉన్నట్టుగా పెట్టవద్దు. పాయింట్లా (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే లోహపు మొనలు), ఎలక్ట్రానిక్‌దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది దాని అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు ఎంత ముందుగా వస్తుందన్నది) మీ కొత్త ఇంజన్‌కు సరిపోతుందా లేదా అన్నదే.

రెండు ఇంజన్లూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ చేసిన బీ సిరీస్ కుటుంబానివే. స్ట్రోక్ కూడా ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. బోరు మాత్రం 73 నుంచి 80.3కు పెరిగింది. ఒకే కుటుంబం కాబట్టి పాత లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ కొత్త బ్లాకులో హాయిగా కూర్చుంటుంది. రోటర్ అపసవ్యంగానే తిరుగుతుంది, ఫైరింగ్ ఆర్డర్ అదే 1-3-4-2. బండి స్టార్టవుతుంది, ఐడిల్‌లో చక్కగా నడుస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే తేడా లోడు పడినప్పుడే బయటపడుతుంది. మా బండికి మెకానిక్ మొదట పాతదే బిగించాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో ఇంజన్ కటకటమని నాకింగ్ చేసేది. అది తగ్గేదాకా టైమింగ్ వెనక్కి తిప్పితే హైవే మీద బండిలో ఊపు పోయి, ఇంజన్ వేడెక్కేది. ఎత్తు మీదా, హైవే మీదా ఒకేసారి కుదరకపోతే కర్వ్ (వేగాన్ని బట్టి అడ్వాన్స్ మారే తీరు) సరిపోలేదని అర్థం.

డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ బరువులు విచ్చుకుని స్పార్కును ముందుకు జరుపుతాయి. ఎంత వేగానికి ఎన్ని డిగ్రీలు జరగాలో ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి, వాల్వులను తెరిచే కామ్ నిర్ణయిస్తాయి. హై కంప్రెషన్ ఎంజీబీది 8.8, లో కంప్రెషన్‌ది 8.0. అంబాసిడర్ సింగిల్ కార్బురేటర్ ఇంజన్ కోసం కుదిర్చిన స్ప్రింగులు దీనికి కుదరాలని ఏమీ లేదు.

పాయింట్లు కూర్చునే బ్రేకర్ ప్లేటు విప్పితే, బరువుల దగ్గర చేయిలా పొడుచుకొచ్చిన లోహపు ముక్క మీద 10, 12 వంటి అంకె కనిపిస్తుంది. అది డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలలో ఉంటుంది, క్రాంకు (ఇంజన్ ప్రధాన ఇరుసు) లెక్కకు రెట్టింపు చేయాలి. తొలి ఎంజీబీలకు వచ్చిన లూకాస్ 25డీ4 రకం డిస్ట్రిబ్యూటర్ మీద 40897 అన్న నంబరు ఉంటుంది. దాని చేతి మీద 10, అంటే క్రాంకుకు 20. దానికి స్టాటిక్ (ఇంజన్ ఆపి ఉంచి పెట్టే తొలి టైమింగ్) 10 కలిపితే మొత్తం 30. అదే 15 అని ఉన్నదాన్ని తెచ్చి స్టాటిక్ 10 పెడితే 40 అవుతుంది. అంత అడ్వాన్స్ ఆ పిస్టన్లకు హాని చేస్తుంది.

వాక్యూమ్ యూనిట్ (ఇంజన్ పీల్పుతో అదనపు అడ్వాన్స్ ఇచ్చే డబ్బీ) మీద కూడా 5-13-10 లాంటి అంకెలు ఉంటాయి. 5 అంగుళాల పాదరసం దగ్గర కదలడం మొదలై, 13 దగ్గర ఆగి, 10 డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు ఇస్తుందని దాని భావం. గొట్టం నోటితో పీల్చి పట్టుకోండి, ప్లేటు కదిలి అక్కడే నిలవాలి. వెనక్కి జారితే లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే. రేసింగ్ రకం అని అమ్మే వాక్యూమ్ లేని డిస్ట్రిబ్యూటర్ల జోలికి వెళ్ళకండి. ఊళ్ళో సగం థ్రాటిల్‌తో తిరిగే బండికి ఆ అడ్వాన్స్ లేకపోతే మైలేజీ పడిపోతుంది.

సెకండ్ హ్యాండ్ 25డీ4 కొనేటప్పుడు షాఫ్టును పక్కలకు ఊపి చూడండి. బుష్షు అరిగి ఊగుతుంటే పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండరుకు ఒక్కోలా మారుతుంది, 0.015 అంగుళాలు పెట్టినా నిలవదు. దాని మీద పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బిగిస్తే జబ్బు కప్పిపెట్టినట్టే అవుతుంది గాని నయం కాదు. ముందు బుష్షు మార్పించండి. స్ప్రింగులలో ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉండాలి. రెండూ సన్నవి కనిపిస్తే ఎవరో మార్చారన్నమాట. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన చవక నకలులో అదే చూశాను, వెంటనే తిప్పి పంపాను.

బడ్జెట్ ఉంటే డచ్చివాళ్ళ 123 డిస్ట్రిబ్యూటర్ మంచిది, పదహారు కర్వ్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు. అయితే అది రాత్రిపూట దారిలో పోతే చేసేదేమీ లేదు. పాయింట్లూ కండెన్సరూ అయితే డిక్కీలో ఒక జత ఉంచుకుని దారి పక్కనే మార్చుకోవచ్చు. నేను చక్కగా బాగుచేయించిన 40897ను పాయింట్లతోనే ఉంచాను, దూర ప్రయాణాలకు దానికే ఓటేస్తాను. మాడ్యూల్ పెట్టదలిస్తే కాయిల్ 3 ఓములదా, బలాస్ట్‌తో (కరెంటును తగ్గించే రెసిస్టర్) నడిచే 1.5 ఓములదా, బండి పాజిటివ్ ఎర్తా, నెగటివ్ ఎర్తా (బ్యాటరీ ఏ ధ్రువం బాడీకి కలిపి ఉంది) అన్నవి కొనకముందే చూసుకోండి.

బిగించేటప్పుడు పుల్లీ మీది టైమింగ్ గుర్తును గుడ్డిగా నమ్మవద్దు. బీ సిరీస్‌లో దాన్ని చూపే సూచికలు ఒక కాలంలో పుల్లీ కింద ఉండేవి, తర్వాత పైకి వచ్చాయి. ఒక ఇంజన్ కవరు, మరో ఇంజన్ పుల్లీ కలిస్తే గుర్తు అబద్ధం చెబుతుంది. ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను ఆపే సాధనం) పెట్టి అసలు టీడీసీ (పిస్టన్ అన్నిటికన్నా పైకి చేరే చోటు) కనుక్కోండి. తర్వాత వాక్యూమ్ గొట్టం తీసి మూసి, టైమింగ్ లైటుతో వేగం పెంచుతూ పోండి. అడ్వాన్స్ ఇక పెరగనిచోట మొత్తం 32 డిగ్రీల దగ్గర ఆపండి. ఐడిల్‌లో ఎంత వస్తే అంత రానివ్వండి.

అసలు పరీక్ష ఘాట్ రోడ్డు మీదే. మేము హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళి, డ్యామ్ దాటాక సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో మూడో గేరులో నిండు బరువుతో తోలి చూశాం. నాకింగ్ వినిపిస్తే రెండు డిగ్రీలు తగ్గించండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలుతో కార్బురేటర్ మిశ్రమం పలచబడుతుంది, దానివల్ల కూడా ఆ చప్పుడు రావచ్చు. కాబట్టి కార్బురేటర్ జెట్ (పెట్రోలు వదిలే సన్న రంధ్రం) కూడా సరిచూడండి.

ఇంజన్ మార్పుకు సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఓ అనుమతి తీసుకుని, కొత్త ఇంజన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోండి. మీరు చూస్తున్న డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీది నంబరు, చేతి మీది అంకె, వాక్యూమ్ యూనిట్ మీది అంకెలు ఇక్కడ రాస్తే, అది మీ ఇంజన్‌కు పనికొస్తుందో లేదో చూసి చెబుతాను.