తమ్ముడికి ఒక్కడికేనా నాన్న పోయింది?

"నాకు 36 ఏళ్లు. కేపీహెచ్‌బీలో ఉంటాం. అమెరికా ఆసుపత్రుల బీమా క్లెయిములు చూసే కంపెనీల్లో 14 ఏళ్లు నైట్ షిఫ్టులు చేశాను. చివరి కంపెనీలో ఆరేళ్లున్నాను. ఐదు నెలల కిందట, మా టీమ్ పని సాఫ్ట్‌వేరే చేసేస్తోందని చెప్పి పేపర్ పెట్టమన్నారు. రెండు నెలల జీతం ఇచ్చారు. ఈ సంగతి మా వారికి తెలుసు. ఉప్పల్‌లో ఉండే అమ్మకీ తమ్ముడికీ తెలియదు. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా నాన్న పోయారు. అప్పటి నుంచీ ఇంటికి నేనే పంపుతున్నాను. ఇప్పుడు నెలకు 20 వేలు. అందులో 14 వేలు తమ్ముడి కారు ఈఎంఐ. ఆ లోన్ నా జీతం స్లిప్పులు పెట్టి, నా పేరు కూడా కలిపి తీసుకున్నదే. మూడు నెలలుగా నాన్న చేయించిన గొలుసు తాకట్టు పెట్టి పంపుతున్నాను. ఇది మా వారికి కూడా చెప్పలేదు. ఈ వయసులో డేటా అనలిటిక్స్ కోర్సు చేయనా, ఇంట్లోనే కేకులు చేసి అమ్మనా? అసలు నాకు ఇష్టమైన పని ఏదో నాకే తెలియడం లేదు. ఎలా తెలుసుకోవాలి?"
(పేరు రాయవద్దన్నారు, హైదరాబాద్)

డేటా అనలిటిక్సా, కేకులా అన్నదానికి జవాబు ముందే చెప్పేస్తాను. రెండూ వద్దు. కోర్సు సంగతి మీ ఆడపడుచు కొడుకు చెప్పాడట. కేకుల సంగతి పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పిందట. ఈ రెండింట్లో మీకు నచ్చింది ఇదీ అని ఒక్క ముక్క లేదు. ఇక ఆ ప్రశ్న వదిలేద్దాం.

మీది నాలుగు పేజీల ఉత్తరం. పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను. మీ తమ్ముడి ప్రస్తావన పద్దెనిమిది చోట్ల ఉంది. అతని బీటెక్ ఫీజు, పెట్టి మూసేసిన సెల్‌ఫోన్ షాపు, క్యాబ్‌గా తిప్పుతానని కొని ఆర్నెల్లకే తిప్పడం మానేసిన కారు, కుదరబోయి తప్పిపోయిన సంబంధాలు. మీ వారి గురించి మూడు చోట్ల. పాప ఐదో తరగతి అని ఒక్క చోట. మీ గురించి రెండంటే రెండు వాక్యాలు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

మీ అమ్మగారు అనే మాట ఒకటి రాశారు. "వాడికి నాన్న లేడు కదే, నువ్వే కదా చూసుకోవాలి" అని. అది చదివి ఉత్తరం బల్ల మీద పెట్టేసి, లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. నాన్న పోయింది అతనికి ఒక్కడికేనా? మీకు పోలేదా? తండ్రి పోయి మూడు నెలలు తిరక్కుండానే 12 వేల జీతానికి రాత్రి క్యాబ్ ఎక్కారు. ఆ ఇంట్లో ఒకరు తండ్రి లేని బిడ్డగా మిగిలారు, ఇంకొకరు తండ్రి అయిపోయారు. ఈ పంపకం ఎవరు చేశారో నేను అడగను. మీ అమ్మగారి మీద నాకు కోపం లేదు. భర్త పోయిన మనిషి ఏ కొమ్మ దొరికితే ఆ కొమ్మ పట్టుకుంటుంది. నా కోపమంతా ఆ తమ్ముడి మీదే. అతనికి ఇప్పుడు 31. మీరు ఇంటి భారం ఎత్తుకున్న నాటికి మీకున్న వయసు కంటే తొమ్మిదేళ్లు ఎక్కువ.

ఆడపిల్ల పెళ్లయ్యాక పుట్టింటికి పెట్టకూడదని అనే మనిషిని కాను నేను. పెట్టాలి. మా నాన్న మంచాన పడ్డప్పుడు నేనూ పెట్టాను, మా అత్తగారు మూతి తిప్పుకున్నా సరే. అమ్మ మందులకు పెట్టండి, బియ్యానికి పెట్టండి. కానీ పుట్టింటి నుంచి కూతురికి సారె రావడం చూశాం గానీ, కూతురే నెలనెలా పుట్టింటికి సారె మోయడం, అదీ తిరగని కారు కోసం మోయడం ఏమిటి? రాఖీ కట్టించుకుని అతను మీకేం పెట్టాడో మీరు రాయలేదు. రాయడానికి ఏమీ లేదనుకుంటాను.

మీ ప్రశ్నకూ దీనికీ సంబంధం లేదనుకుంటున్నారేమో. ఉంది. 14 ఏళ్లుగా ఏ ఉద్యోగం వచ్చినా మీరు చూసింది ఒక్కటే, ఇంటికి పంపడానికి సరిపోతుందా లేదా అని. పగటి ఉద్యోగం రెండుసార్లు వచ్చిందట, జీతం ఎనిమిది వేలు తక్కువని వదిలేశారట. ఆ ఎనిమిది వేలు ఎవరి కోసం? మీ ఇంటి కోసమైతే కాదు. ప్రతి ఉద్యోగాన్నీ తమ్ముడి జల్లెడలో పోసి చూసే మనిషికి తనకు ఏది ఇష్టమో ఎలా తెలుస్తుంది? జల్లెడలో మిగిలినవే కదా కనిపించేది.

ఇప్పుడు, ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టిన సంగతి. అమ్మగారికి బీపీ, షుగర్ ఉన్నాయనీ, ఆవిడ పేరు మీ కంపెనీ హెల్త్ పాలసీలో ఉండేదనీ రెండో పేజీలో రాశారు. అమ్మా, ఆ పాలసీ మీ ఉద్యోగంతోనే పోయింది కదా! క్లెయిముల్లో పండిపోయిన మీకు నేను చెప్పాలా? కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుంటుంది. అయితే అది ఉద్యోగం వదిలేటప్పుడే అడగాల్సిన మాట. ఇప్పుడు కొత్తగా తీసుకుంటే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. ఐదు నెలలుగా ఆవిడ బీమా లేకుండా, ఉందనుకుంటూ బతుకుతున్నారు. రేపు ఏ అర్ధరాత్రో ఛాతీలో నొప్పి అంటే తమ్ముడు ఆ పాత కార్డు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడతాడు. అమ్మకు టెన్షన్ ఎందుకని దాచానన్నారు. దాచడం వల్ల ఆవిడకు వచ్చిన ముప్పు ఇది. వాళ్లింట్లో ఆహార భద్రత కార్డు ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆరోగ్యశ్రీ కింద పది లక్షల దాకా వైద్యం ఉంటుంది. లేకపోతే ఈ నెలలోనే ఏదో ఒక పాలసీ తీసుకోండి. ప్రీమియం తమ్ముడు కట్టాలి.

కాబట్టి ఈ ఆదివారం ఉప్పల్ వెళ్లండి. ఫోన్లో చెప్పకండి, ఫోన్లో అయితే అమ్మ ఏడుస్తారు, మీరు కరిగిపోతారు. మీ వారిని తీసుకెళ్లకండి, అల్లుడి ముందు ఎవరూ అసలు మాట మాట్లాడరు. మెట్రోలో వెళ్లండి. అమీర్‌పేటలో రైలు మారడమే, స్టేషన్ బయటికి మాత్రం దిగకండి. దిగితే మైత్రీవనం దగ్గర ఎవరో ఒకరు కోర్సు పాంప్లెట్ చేతిలో పెడతారు. అసలే మీరు ఊగిసలాటలో ఉన్నారు.

అక్కడ చెప్పాల్సింది కొంచెమే. ఉద్యోగం పోయి ఐదు నెలలైంది, గొలుసు తాకట్టులో ఉంది, వచ్చే నెల నుంచి అమ్మ మందుల డబ్బు నేరుగా మందుల షాపుకే ఇస్తాను, కారు అమ్మేయాలి. సంజాయిషీ వద్దు. "ముందే చెప్పాల్సింది, సారీ" అని అమ్మతో మాత్రం అనండి, ఆ తప్పు మీదే. తమ్ముడితో ఆ మాట కూడా అక్కర్లేదు.

కారు విషయంలో ఆవేశపడి ఈఎంఐ ఆపేయకండి. లోన్‌లో మీ పేరుంది. కట్టకపోతే దెబ్బ తగిలేది మీ సిబిల్ స్కోరుకి కూడా, రేపు బ్యాంకులాంటి చోట ఉద్యోగానికి వెళ్తే అది చూస్తారు. బాకీ ఎంత మిగిలిందో లోన్ ఇచ్చినవాళ్ల దగ్గర కాగితం మీద తీసుకోండి. కారు అమ్మించి ఆ బాకీ మూయించండి. బాకీ తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో ఆర్‌సీ మీద లోన్ ఎంట్రీ తీసేయించేదాకా వదలొద్దు. అమ్మగా తక్కువ పడితే ఆ తేడా అతను కట్టుకుంటాడు. ఎలా కడతాడు అంటారా? 22 ఏళ్ల వయసులో మీరు ఎలా కట్టారు?

ఇంకో సంగతి, చివరి కంపెనీలో ఆరేళ్లు చేశారు కదా, గ్రాట్యుటీ వచ్చిందా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఐదేళ్లు నిండితే అది మీ హక్కు. చివరి నెల జీతంలో గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే మొత్తాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని ఏళ్లతో హెచ్చించాలి. మీకు ఆ మొత్తం 26 వేలనుకుంటే ఏడాదికి 15 వేలు, ఆరేళ్లకు 90 వేలు. 30 రోజుల్లో ఇవ్వాలి. మీ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం తీసి చూడండి, అందులో ఆ లైను లేకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. పరాయివాళ్ల క్లెయిముల కోసం అమెరికా వాళ్లతో రాత్రంతా వాదించిన మనిషి, సొంత క్లెయిమ్ అడగడానికి ఎందుకింత మొహమాటం? పీఎఫ్ మాత్రం కదపకండి. పాత కంపెనీల ఖాతాలు విడివిడిగా పడి ఉంటే ఒకచోటికి తెచ్చుకోండి. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి, మధ్యలో పెన్షన్ డబ్బు తీసేసుకోకుండా ఉంటే, పెన్షన్‌కు మీకు అర్హత ఉంటుంది.

సరే, ఆ రెండు వాక్యాలు. ఎదురు ఫ్లాట్ అంకుల్ వాళ్లావిడ ఆపరేషన్ క్లెయిమ్, జబ్బు దాచి పాలసీ తీసుకున్నారంటూ కొట్టేశారని, మీరు కూర్చుని ఉత్తరం రాసిపెడితే నెల తిరగకుండా 2 లక్షల 10 వేలు వచ్చాయని రాశారు. "ఆ రోజు రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు" అన్నారు. వెంటనే మళ్లీ తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారు.

ఇష్టమైన పని ఏదో తెలియడం లేదంటారేమిటి? మీరే రాశారు కదా!

అంకుల్ వాళ్లు ఏడేళ్లుగా ఆపకుండా ప్రీమియం కడుతున్నారు కాబట్టి ఆ సాకు చెల్లదని మీకు ఠక్కున తట్టింది. 60 నెలలు దాటాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదంటూ క్లెయిమ్ కొట్టేయకూడదని 2024లో మార్చిన నిబంధన ఎంతమందికి తెలుసు? ఆ అంకుల్‌కి తెలియదు. నాకూ మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. అమెరికా వాళ్ల డినయల్స్ చూసి చూసి, తిరస్కరించిన కాగితంలో బొక్క ఎక్కడుందో వాసన పట్టే ముక్కు మీకు వచ్చింది. పోయింది ఉద్యోగం, ముక్కు కాదు.

నిరుడు మా అత్తగారిని డిశ్చార్జి చేయించడానికి ఒక పెద్దాసుపత్రిలో ఉదయం 11 నుంచి రాత్రి 8 దాకా కూర్చున్నాం. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర పాపం ఒక చిన్నపిల్ల, "అప్రూవల్ రాలేదండీ" అన్న ఒక్క మాటే పాడుతోంది. డిశ్చార్జి అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలనీ, ఆలస్యమైతే పెరిగిన ఆసుపత్రి ఖర్చు బీమా కంపెనీయే భరించాలనీ పక్క కుర్చీలో కూర్చున్న ఒక పేషెంట్ కొడుకు చెప్పాడు. ఆ నిబంధన పెట్టిన, బీమా కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఇక్కడే, మన నానక్‌రామ్‌గూడ వైపే ఉంది. అంత దగ్గర్లో ఉండి ఏం లాభం, ఆ కౌంటర్ దాకా రాలేదు. ఆ కుర్చీలో మీలాంటి మనిషి ఉంటే మేము మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేవాళ్లం.

ఆసుపత్రుల్లో ఇన్సూరెన్స్ డెస్కులున్నాయి, బీమా కంపెనీల తరఫున క్లెయిములు చూసే టీపీఏలున్నాయి, ఆరోగ్యశ్రీ కౌంటర్లున్నాయి. అన్నీ పగటి పనులే కావు, షిఫ్టులుంటాయి, అడిగి చూసుకోండి. మొదట్లో మీ పాత జీతం రాకపోవచ్చు. అందుకే ఆదివారం ఉప్పల్ ప్రయాణం ముందు అన్నాను. ఆ 14 వేల భారం దిగితే తక్కువ జీతం మీకు తక్కువగా కనిపించదు. బయట జనానికి కాగితాలు రాసిపెట్టడం కూడా మొదలుపెట్టొచ్చు. మీకు తెలిసే ఉంటుంది, కంపెనీకి ఫిర్యాదు చేసి నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బీమా తగాదాలు తేల్చే ఆంబుడ్స్‌మన్ దగ్గరికి పైసా ఖర్చు లేకుండా వెళ్లొచ్చు. అక్కడ వకీళ్లకూ ఏజెంట్లకూ చోటు లేదు. ఫైలు మీరు తయారు చేస్తారు, సంతకం పెట్టి మాట్లాడేది పాలసీదారే. వచ్చిన డబ్బులో వాటా అనే బేరం మాత్రం పెట్టుకోకండి. ఎదురింటి అంకుల్ దగ్గర తీసుకోలేదు కదా, ఇకముందు ఫీజంటూ తీసుకుంటే ముందే చెప్పి తీసుకోండి. ఉచితంగా చేస్తే మళ్లీ ఇంకో పద్దెనిమిది మంది తమ్ముళ్లు తయారవుతారు.

మీ వారి సంగతి ఎక్కువ చెప్పను. ఉద్యోగం పోయిన రోజు బండి మీద వచ్చి, దారిలో మిర్చీబజ్జీలు తినిపించి ఇంటికి తీసుకెళ్లాడని రాశారు. అలాంటి మనిషి దగ్గర గొలుసు సంగతి దాచారు! గ్రాట్యుటీ వచ్చాక విడిపించి, అప్పుడు చెప్దామని ఆలోచిస్తారేమో, వద్దు. ఆదివారం కంటే ముందే, ఈ రాత్రే చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి.

గోల్డ్ లోన్ రసీదు ఎక్కడ దాచారో తీసి, గడువు తేదీ ఒకసారి చూసుకోండి. దాంతోపాటు మీరిచ్చిన అడ్రస్ కూడా చూడండి. వడ్డీ కట్టకపోతే వేలం నోటీసు ఆ అడ్రస్‌కే వెళ్తుంది. మీ ఆధార్ మీద ఇంకా ఉప్పల్ ఇల్లే ఉందేమో, అదే గనక ఇచ్చి ఉంటే ఆ కవరు విప్పేది మీ తమ్ముడే.