కోడ్ పగలగొట్టింది ట్యూరింగ్ ఒక్కడేనా?

ప్రశ్న: మొన్న ‘ది ఇమిటేషన్ గేమ్’ సినిమా చూశామండీ. బ్రిటిష్ గణితవేత్త ట్యూరింగ్ ఒక్కడే మిషన్ కట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు రహస్య సందేశాలకు వాడిన ఎనిగ్మా యంత్రం కోడ్ పగలగొట్టినట్టు చూపించారు. అంతా నిజమేనని మా బావమరిది, కాదని నేను, ఉగ్గాని బజ్జీ పందెం.
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: పందెం మీదే, ఇంకో రెండు బజ్జీలు ఎక్కువ చెప్పండి. పోలండ్ గణితవేత్త రెయెవ్‌స్కీ 1932లోనే ఎనిగ్మా గుట్టు విప్పాడు, పోలండ్ వాళ్లు 1939 జులైలో ఆ కిటుకులన్నీ బ్రిటిష్ వాళ్ల చేతిలో పెట్టారు, ఆ తర్వాతే ట్యూరింగ్ కోడ్ విప్పే ‘బాంబ్’ యంత్రం డిజైన్ చేస్తే, తోటి గణితవేత్త గోర్డన్ వెల్చ్‌మన్ దానికి డయాగనల్ బోర్డు అనే అదనపు వైరింగ్ పలక తగిలించి వేగం పెంచాడు. పాపం, ఈయన సినిమాలో కనిపించనే కనిపించడు! మిషన్‌కి క్రిస్టఫర్ అన్న పేరూ కల్పనే, మొదటిదాని పేరు విక్టరీ. సినిమాలో ట్యూరింగ్ ఒక్కడే ప్రధాని చర్చిల్‌కి ఉత్తరం రాస్తాడు గానీ, నిజానికి 1941లో రాసింది నలుగురు. తోటి కోడ్ నిపుణురాలు జోన్ క్లార్క్‌తో ట్యూరింగ్ నిశ్చితార్థం మాత్రం నిజం, అందుకు మీ బావమరిదికి ఒక బజ్జీ ఇవ్వొచ్చు.